పది చదరపు అడుగుల లాభం

భీమవరంలో గజం స్థలం ధర విన్నప్పటి నుంచి మా ఇల్లు నాకు చదరపు అడుగుల్లో కనిపించడం మొదలుపెట్టింది. మంచం కింద ఇన్ని అడుగులు వృథా, తలుపు వెనక ఇన్ని, బీరువాకీ గోడకీ మధ్య సందులో ఇన్ని. లెక్కల మాస్టారుగా రిటైరైనవాడికి పొద్దుపోవడానికి ఇది మంచి వ్యాపకమే. ఇంట్లోవాళ్ల సంగతి వేరు.

అలా లెక్క వేసుకుంటూ వెళ్లి స్నానాల గది దగ్గర ఆగాను. ఎనిమిది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. పెంకుటిల్లు తీసేసి డాబా వేసినప్పుడు మా నాన్నగారు దగ్గరుండి కట్టించింది. ఒక మూల సిమెంటు గాబు, చివరి గోడకి కమోడు, పక్క గోడకి చిన్న బేసిను. మధ్యలో ఏమీ లేదు. ఆ ఖాళీ మీద నా కన్ను పడింది.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 తిరగేశాను. స్నానానికీ మరుగుదొడ్డికీ ఒకటే గది అయితే 2.8 చదరపు మీటర్లకు తగ్గకూడదు, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదు అని ఉంది. 2.8 చదరపు మీటర్లంటే సుమారు 30 చదరపు అడుగులు. మాది 40. అంటే పది చదరపు అడుగుల చోట మా నాన్నగారు లెక్క తప్పారన్నమాట! "తగ్గకూడదు" అన్న షరతును "ఇంతే చాలు" అని చదివాను నేను. 'గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు' గుర్తు ఉండాల్సిన చోట ఉత్త 'ఈక్వల్ టు' వేసిన పిల్లలకి జీవితంలో ఒక్క మార్కు ఇచ్చిన పాపాన పోలేదు. ఆ పిల్లల ఉసురే తగిలి ఉంటుంది.

మిగిలే పది అడుగుల్లో ఏం పెట్టాలన్నది ఆ తర్వాత ఆలోచించాను. వరండాలో ఉన్న వాషింగ్ మిషను కనిపించింది. దాన్ని లోపలికి తెమ్మని మా ఆవిడ ఏనాడూ అడగలేదు. "అక్కడ దాని మానాన అది తిరుగుతోంది కదండీ" అంది. కానీ అప్పటికే గ్రాఫు కాగితం మీద నాలుగు గళ్లు దానికి కేటాయించేశాను.

పరిశోధన కూడా చేశాను. అమెరికాలో బక్మిన్‌స్టర్ ఫుల్లర్ అనే ఆయన 1930ల్లోనే రాగిరేకుల్ని అచ్చుల్లో నొక్కి, స్నానాల గది మొత్తాన్ని నాలుగు ముక్కలుగా తయారుచేశాడు. అయిదడుగుల చదరంలో తొట్టి, బేసిను, కమోడు అన్నీ ఇమిడిపోయాయి. జపాన్‌లో 1964 ఒలింపిక్స్‌కి టోక్యోలో న్యూ ఒటానీ హోటలు కడుతున్నప్పుడు, వెయ్యికి పైగా గదులకి స్నానాల గదులు గడువులోపల పూర్తికావని తెలిసి టోటో కంపెనీవాళ్లు వాటిని ఫ్యాక్టరీలోనే తయారుచేసి, పట్టుకెళ్లి బిగించారు. ఇవి చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫుల్లర్‌గారి గది మార్కెట్లో నిలవలేదన్న వాక్యం కూడా అదే పేజీలో ఉంది. దాన్ని దాటేశాను.

అది చాలక హైదరాబాదు వెళ్లే రైల్లో, టేపు జేబులో వేసుకుని మరుగుదొడ్డిలోకి దూరాను. బేసినుకీ తలుపుకీ మధ్య ఎంత, మనిషి తిరగడానికి ఎంత అని అంగుళాలతో సహా రాసుకుంటుంటే బయట ఎవరో తలుపు కొట్టడం మొదలుపెట్టారు. తీశాను. చేతిలో టేపు చూసి ఆ పెద్దాయన "రైల్వేవారా అండి?" అని అడిగాడు. అవునన్నట్టు తలూపి వచ్చేశాను. రైల్లో అంత ఇరుకులో అన్నీ అమిరినప్పుడు ఇంట్లో ఎందుకు అమరవు అన్నది నా వాదన. ఆ పెట్టెలో ఎవరూ స్నానం చెయ్యరన్న సంగతి నాకు తట్టలేదు.

కార్తీకమాసంలో పని మొదలైంది. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, మనవరాలు వస్తారు. ఆ లోపల అయిపోవాలి. భీమవరంలో సంక్రాంతికి ఏ ఇంట్లోనైనా మనుషులు గుమ్మం దాకా ఉంటారని వేరే చెప్పక్కర్లేదు. కోడిపందేలకు వచ్చేవాళ్లకి ఊళ్లో హోటలు గదులు దొరకవు, చుట్టరికాలు గుర్తొస్తాయి.

మేస్త్రీ నా గ్రాఫు కాగితాన్ని చాలాసేపు చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"బాగా గీశారండి. గోడలకే మందం లేదు మాస్టారూ" అన్నాడు.

గీతకు పొడవే ఉంటుంది, వెడల్పు ఉండదు అని యూక్లిడ్ చెప్పాడు. నేను జీతం తీసుకుని అదే చెప్పాను. కానీ మా ఊరి ఇటుక యూక్లిడ్‌ని చదవలేదు. పాత టైల్స్ ఊడగొడితే కూలి దండగని, వాటి మీదే కొత్తవి అతికించమన్నాను. టైలూ, దాని వెనక సిమెంటూ కలిపి ఒక్కో గోడకి అంగుళంపావు. అటూ ఇటూ పోయింది రెండున్నర అంగుళాలు. ఇది తొలి నష్టం.

రెండోది గోడకి వేలాడే కమోడు. ఉండి రోడ్డులో ఒక షాపులో చూశాను. కింద నేల కనిపిస్తుంది కాబట్టి గది పెద్దదిగా అనిపిస్తుందట, 400 కిలోల బరువు మోస్తుందట. మా అమ్మ దాన్ని చూసి "దీనికి కాళ్లేవిరా?" అంది. నీళ్ల తొట్టి గోడలోపల దాగి ఉంటుందని వివరించాను. దాగడానికి గోడ ఉండాలి కదా! మాది నాలుగున్నర అంగుళాల గోడ. తొట్టి అందులో పెడితే అవతల పూజ గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన బయటికొస్తుంది. చేసేది లేక గోడ ముందు ఇంకో పొట్టి గోడ, ఎనిమిది అంగుళాల మందంతో, ఈ చివరి నుంచి ఆ చివరికి కట్టాల్సి వచ్చింది. చోటు కలిసొస్తుందని కొన్న సామాను కోసం చోటు అమ్ముకున్నాను.

రాత్రి కూర్చుని లెక్క కట్టాను. పొడవు 96 అంగుళాల్లో మిగిలింది ఎనభై అయిదున్నర. వెడల్పు 60లో మిగిలింది యాభై ఏడున్నర. గుణిస్తే 34 చదరపు అడుగుల పైన కాస్త. పది అడుగులు లాభం తియ్యాలనుకున్నవాణ్ని ఆరడుగులు పోగొట్టుకున్నాను, ఇంకా తలుపు సంగతి తేలనేలేదు. ఈ లెక్క ఎవరికీ చూపించకుండా కాగితం మడిచి పంచాంగంలో పెట్టాను.

తలుపు లోపలికి తెరుచుకునేది. మిషను వచ్చి కూర్చున్నాక అది సగమే తెరుచుకుంది. బయటికి తెరుచుకునేలా మార్పించాను. పెద్దవాళ్లున్న ఇంట్లో స్నానాల గది తలుపు బయటికి తెరుచుకోవడమే మంచిది. లోపల మనిషి జారిపడి తలుపుకి అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపు ఎవరూ తియ్యలేరు. చేసిన పనులన్నింటిలో సరైంది ఇదొక్కటే. అదీ బుద్ధితో చేసింది కాదు, మిషను అడ్డొచ్చి చేసింది.

అసలు తప్పు మాత్రం నేల దగ్గర చేశాను. మా నాన్నగారు కట్టించిన గది హాలు కంటే అంగుళంన్నర పల్లం. గుమ్మంలో చిన్న గట్టు. నేలమీద కూడా పాత టైల్స్ పైనే కొత్తవి వేయడంతో గది నేల హాలు మట్టానికి వచ్చేసింది. నాకు అది వరమనిపించింది. గట్టు కూడా తీయించేసి, హాల్లో టైల్సే లోపలికి సాగించి, ఒకే తలం చేద్దామన్నాను. అలా చేస్తే గది విశాలంగా కనిపిస్తుందని ఎక్కడో చదివాను.

మేస్త్రీ రసమట్టం నేలమీద పెట్టి, గాలి బుడగని చూపించి, "వాటం ఎక్కడ తెమ్మంటారండి?" అన్నాడు. అడుగులు లెక్కపెట్టాడు. 80కి 1 చొప్పున చూసినా ఎనిమిది అడుగులకి అంగుళం పైచిలుకు వాటం కావాలి. ఆ అంగుళం ఎక్కడుంది? పైన హాలు, కింద పాత నేల. పోనీ బయటికెళ్లే పైపు దించుదామా అంటే వీధి ఒప్పుకోదు. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తారు. రోడ్డు లేస్తూ ఉంటుంది, ఇళ్లు దిగుతూ ఉంటాయి. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన అరుగుల మీదికి ఇప్పుడు సైకిలు తిన్నగా ఎక్కేస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేసేవాళ్లని అరుగు మీద కూర్చుని తిట్టినవాణ్ని, ఇంట్లో టైలు మీద టైలు వేయించాను.

"కాటన్ దొరగారు ధవళేశ్వరం నుంచి ఇక్కడిదాకా మోటారు లేకుండా నీళ్లు తెచ్చారండి, వాటం చూసుకునే. తమరు తలుపు నుంచి జాలీ దాకా చూడనంటున్నారు" అన్నాడు మేస్త్రీ. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేసిన ఆ మహానుభావుడి విగ్రహానికి ఈ జిల్లాల్లో దండ వేయని ఊరు లేదు. నేనూ వేశాను. వేసి వచ్చి ఇంట్లో నేల చదును చేయించాను. చివరికి మేస్త్రీ తనే అరంగుళం వాటం దొంగతనంగా పెట్టాడని తర్వాత తెలిసింది. లేకపోతే కథ ఇంకా ఘోరంగా ఉండేది.

నీళ్లు పోవడానికి మామూలు గుండ్రటి జాలీ కాకుండా, గోడ వెంబడి సన్నగా పొడుగ్గా ఉండేది పెట్టించాను. మూల రెండున్నర అడుగుల చదరానికి రెండువైపులా గాజు పలకలు నిలబెట్టి షవరు గది అన్నాను. గాబు పగలగొట్టించి ఆ చోట్లో మిషను పెట్టాను. గాబు పగులుతున్నప్పుడు అమ్మ అక్కడే నిలబడి చూసింది. ఏమీ అనలేదు.

అల్లుడుగారు వచ్చి చూసి "హోటల్లోలా ఉంది మావయ్యగారూ" అన్నాడు. పండగ పూట ఇంతకంటే ఏం కావాలి? ఆ రాత్రి నేను చాలా సుఖంగా పడుకున్నాను.

తెల్లారితే భోగి. భోగినాడు తలంటు ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. అది ఒకరు చేసే స్నానం కాదు. ఒకరు కూర్చోవాలి, ఒకరు వెనక నిలబడి నూనె మాడుకు పట్టించాలి, సున్నిపిండితో నలుగు పెట్టాలి, కుంకుడుకాయ రసం కళ్లలో పడకుండా పోసి రుద్దాలి, ఇంకొకరు వేడినీళ్లు తొరుపుతూ అందించాలి. కూర్చున్నది చిన్నపిల్లయితే నాలుగోవారు ఆమె ఏడుపు ఆపాలి. ఇదంతా నాన్నగారి గదిలో, ఆ "ఏమీ లేని" చోట ఏళ్ల తరబడి జరిగింది. నేనూ అక్కడే ఏడ్చాను. టోక్యో హోటల్లో దిగినవాడి వెనక నిలబడి తల రుద్దే అమ్మమ్మ ఉండదు. ఆ కొలతలు అతనికి సరిపోతాయి.

మనవరాలిని గాజు గదిలో నిలబెట్టారు. కూర్చునే చోటు లేదు. మా ఆవిడ లోపలికి పట్టలేదు. బయట నిలబడి చెయ్యి మాత్రం లోపలికి పెట్టి రుద్దుతోంది. కళ్లలో పడింది. పిల్ల చెయ్యి విసిరితే కుంకుడు నురగ గాజు మీదంతా. ఆ తొక్కలూ పిప్పీ, సున్నిపిండీ కలిసి నా సన్నటి జాలీలో మెత్తగా సర్దుకున్నాయి. గుండ్రటి జాలీ అయితే మూత ఎత్తి చేత్తో తీసి పారేసేవాళ్లం. ఈ పొడుగుదాని మూత తియ్యడానికి ఒక కొక్కెం ఇస్తారు. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నీళ్లు కాసేపు ఆగి చూశాయి. తర్వాత గట్టు లేని గుమ్మం దాటి, ఒకే తలంగా ఉన్న హాల్లోకి మర్యాదగా నడిచి వెళ్లాయి.

ఇల్లు నిండిపోయి అల్లుడుగారు ఆ హాల్లోనే కింద పరుపు మీద పడుకుని ఉన్నాడు.

ఆ ఏడాది భోగిమంట దగ్గరికి ఆయన పరుపుతో సహా వచ్చాడు. వీధిలో వాళ్లు చలికి కాచుకుంటుంటే మేము పరుపు ఆరబెట్టుకున్నాం. "పర్వాలేదండీ మావయ్యగారూ" అని ఆయన ఎంతసేపు అన్నాడో, ఆ మర్యాద భరించడం నాకు అంత కష్టమైంది. కనుమనాడు తలంటు మా బావగారింట్లో చేయించుకుని వచ్చాడు.

ఇంతటితో ఆగిపోతే పండగ హడావుడి అని సర్దుకునేవాళ్లం. ఎండాకాలం వచ్చింది, దాళ్వా కోతలయ్యాయి, కాలువలు కట్టేశారు. ఇక్కడ బోరు వేస్తే పడేది ఉప్పునీళ్లు. సముద్రం దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులు. అందుకే ఊరికి కాలువ నీళ్లే ఆధారం; చెరువుల్లో నిలవ చేసుకుని కుళాయిలకు వదులుతారు. ఎండాకాలంలో ఆ వదలడం తగ్గుతుంది, వేళ మారుతుంది. అప్పుడు తెలిసింది గాబు ఆ మూల ఎందుకుందో. అది తెల్లవారుజామున కుళాయి వచ్చినప్పుడు నిండి, రోజంతా ఇంటిని కాసేది. కరెంటు పోయినా, మోటారు కాలినా చెంబు ముంచుకోవడానికి నీళ్లుండేవి. బోరు నీళ్లతో షవరు నడిపిద్దామంటే, దాని సన్నటి రంధ్రాలు తెల్లటి పొక్కు కట్టి ఒక్కొక్కటే మూసుకుపోయాయి. చివరికి బయటికొచ్చే ధార ఒకటే, అదీ అడ్డంగా.

ప్లాస్టిక్ డ్రమ్ము కొన్నాం. నీలం రంగుది, గాబు కంటే లావు. దాన్ని పెట్టడానికి చోటు లేదు కాబట్టి మిషనును మళ్లీ వరండాలోకి పంపించాం. అది తన పాత మరకల మీదే సరిగ్గా కూర్చుంది. మా ఆవిడ ఏమీ అనకుండా దానిమీద గుడ్డ పరిచి, ఉతికిన బట్టల బుట్ట పెట్టుకుంది.

రోహిణి కార్తెలో పెళ్లికని రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి ఇల్లంతా వాసన. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు పైపుని ఒంపు తిప్పి, ఆ ఒంపులో కాసిని నీళ్లు నిలిచేలా చేసి పేటెంటు తీసుకున్నాడు. ఆ కాసిని నీళ్లే కింది గాలి పైకి రాకుండా అడ్డం. ఇవాళ మన నహాని ట్రాపులో ఉన్నదీ అదే ఉపాయం. నా నేలకి లోతు లేదు కాబట్టి లోతు లేని ట్రాపు వేయించాను. అందులో నిలిచే నీళ్లు ఆ ఎండలకి ఆవిరైపోయాయి. చెంబెడు నీళ్లు పోస్తే వాసన పోయింది. చెంబెడు నీళ్లతో పోయేదానికి నేను అగరొత్తులు వెలిగించాను ముందు.

వానాకాలం గురించి ఎక్కువ చెప్పను. మా ఊళ్లో శ్రావణంలో పార వేస్తే నీళ్లే. సెప్టిక్ ట్యాంకు నీళ్లని భూమి పీల్చుకోదు, యనమదుర్రు డ్రెయిను నిండుగా ఉంటుంది, వీధి కాలువ కదలదు. అలాంటప్పుడు గదిలో అంగుళంన్నర పల్లం, గుమ్మంలో గట్టు ఏ పని చేసేవో అవి లేనప్పుడు తెలిసింది. అంతే.

భోగి తర్వాత అమ్మ ఆ గదిలో స్నానం చెయ్యడం మానేసింది. పెరట్లో నూతి పక్కన, పాత రేకుల గదిలో పీట వేసుకుని పోసుకునేది. ఆ మోకాళ్లతో పెరట్లోకి మూడు మెట్లు దిగాలి. నేను గమనించనే లేదు. మా ఆవిడ చెబితే వెళ్లి అడిగాను.

"గది బాగుందిరా అబ్బాయ్. ఒళ్లు కడుక్కోడానికే కుదరదు" అంది.

కోపం లేదు అందులో. పక్కింటి కొత్త కారు గురించి చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు మళ్లీ చదవడం మొదలుపెట్టాను, ఈసారి సిగ్గుతో. అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చరు ఆచార్యుడు అలెగ్జాండర్ కీరా 1966లో 'ది బాత్‌రూమ్' అని ఒక పుస్తకం వేశాడు. ఆయన సామాను కొలతలతో మొదలుపెట్టలేదు. మనిషి ఎలా వంగుతాడు, ఎలా కూర్చుంటాడు, చెయ్యి ఎంత దూరం చాస్తాడు, ఏది పట్టుకుని లేస్తాడు అని శరీరంతో మొదలుపెట్టాడు. బేసినూ తొట్టీ మనిషి ఒంటిని చూసి చేసినవి కావని ఆయన ఫిర్యాదు. నేనో? కమోడు కొలిచాను, మిషను కొలిచాను, రైలు పెట్టె కొలిచాను. ఇంట్లో ఉన్న మనుషుల్లో ఒక్కరినీ కొలవలేదు.

మేస్త్రీని మళ్లీ పిలిచాను. "గట్టు కట్టాలా అండీ?" అన్నాడు గుమ్మంలోనే. నేలంతా పగలగొట్టి, పాత టైల్స్‌తో సహా తీసి, పల్లం మళ్లీ తెచ్చాం. ఈసారి గ్రాఫు కాగితం తియ్యలేదు. అమ్మను చీర కొంగు దోపుకుని పీట మీద కూర్చోమన్నాను, పక్కన ఖాళీ బకెట్టు పెట్టాను, చెంబెత్తి పోసుకున్నట్టు చెయ్యి తిప్పమన్నాను. మోచెయ్యి ఎక్కడిదాకా వెళ్తుందో, లేచేటప్పుడు ఏ వైపు గోడ పట్టుకుంటుందో మేస్త్రీ సుద్దతో నేలమీదా గోడమీదా గుర్తులు పెట్టాడు. "మీ నాన్నా ఇలాగే కూర్చోబెట్టాడురా, మా అత్తగారిని" అంది అమ్మ. ఆ గుర్తుల మధ్య చోటు మూడడుగుల చదరం దాటింది. గోడమీద గుర్తు పెట్టిన చోట స్టీలు కడ్డీ బిగించాం. జాలీ గుండ్రటిదే, చేత్తో మూత ఎత్తేది. గాబు మళ్లీ కట్టించాం, మునుపటి కంటే కాస్త చిన్నది, అడుగున తూముతో. ముందు కట్టిన ఎనిమిది అంగుళాల పొట్టి గోడ మాత్రం అలాగే ఉంది. దాన్ని తియ్యాలంటే కమోడు తియ్యాలి, కమోడు తియ్యాలంటే మా ఆవిడను అడగాలి. దాని మీద ఇప్పుడు సున్నిపిండి డబ్బా, కుంకుడుకాయల గిన్నె, అమ్మ కళ్లజోడు ఉంటాయి. అలమరలా బాగానే పనికొస్తోందని నేను రెండుసార్లు అన్నాను. ఎవరూ సమాధానం చెప్పలేదు.

గాజు పలకలు రెండూ వరండాలో మిషను పక్కన గోడకి ఆనించి ఉన్నాయి. గట్టివి, ఒక్క గీత లేదు. చేపల తొట్టికి పనికొస్తాయేమో అని ఒకాయన అడిగి వెళ్లాడు, మళ్లీ రాలేదు. కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లొచ్చు. కొలతలు మాత్రం నన్ను అడక్కండి, మీ టేపు మీరే తెచ్చుకోండి.